మిల్లు గచ్చు మీద వాన

పదకొండు ల్యాపుల్లో, అంటే ట్రాక్ చుట్టూ పదకొండు చుట్లలో, మూడుసార్లు నా రేసు కారు గిర్రున తిరిగిపోయింది. మొదటిసారి సగం చుట్టు తిరిగి గడ్డిలో ఆగింది. రెండోసారి ట్రాక్ మధ్యలో, వెనక వచ్చే బళ్ళకి మొహం పెట్టి నిలబడింది. మూడోసారి తిరిగాక కోచ్ నన్ను లోపలికి పిలిపించారు. హెల్మెట్ తియ్యమన్నారు. కోప్పడలేదు. "ఇవాళ్టికి చాలు బాబూ, గోడ దగ్గర నిలబడి మిగతావాళ్ళని చూడు" అన్నారు. వానలో తడుస్తూ గంటసేపు చూశాను.

అది కిందటేడాది నవంబరు. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్. చుట్టు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. మాది ఒడిశాలోని రాయగడ. మా తాతయ్య పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడ టైర్ల షాపు పెట్టారు, ఇప్పుడు నాన్న చూసుకుంటున్నారు. టైర్ల మధ్యే పెరిగాను కాబట్టి బళ్ళ పిచ్చి నాకు కొత్తగా పట్టింది కాదు. రెండేళ్ళు షాపులో పనిచేసి దాచుకున్న డబ్బుతో రెండు రోజుల రేసింగ్ స్కూల్లో చేరాను. మేం ఇప్పటికీ బొకారో అనే పిలిచే ధన్‌బాద్–అలెప్పీ బండెక్కి వెళ్ళాను. మొదటిరోజు ఎండ కాసింది. మా బ్యాచ్‌లో టైమింగులు చూస్తే నాది రెండో స్థానం. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి చాలా చెప్పాను. తెల్లారేసరికి వాన.

తిరుగు ప్రయాణంలో పై బెర్తు మీద పడుకుని ఒకటే ఆలోచన. నిన్న పట్టిన రోడ్డు ఇవాళ ఎందుకు పట్టలేదు? వెళ్ళే ముందు కోచ్ చెప్పిన రెండు మాటలు పుస్తకంలో రాసుకున్నాను. ఒకటి: "నిన్న నీకు గ్రిప్ ఇచ్చిన చోటే ఇవాళ నిన్ను జార్చింది." రెండు: "నువ్వు తిరిగింది మలుపులో కాదు, గేరు దింపేటప్పుడు." రెండూ అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. అర్థమయ్యింది మా ఊళ్ళో, ఒక రైసు మిల్లు గచ్చు మీద.

మొదటి మాట ముందు చెప్తాను. ఎండలో అందరూ ఒకే దారిన వెళ్తారు. మలుపుకి బయటి అంచు నుంచి వచ్చి, లోపలి అంచుని తాకి, మళ్ళీ బయటికి. అదే రేసింగ్ లైను. వేల ల్యాపులు అదే దారిన తిరిగేసరికి టైర్ల రబ్బరు తారు గుంటల్లో పూతలా పేరుకుంటుంది. ఎండలో ఆ రబ్బరు మీద రబ్బరు భలే పట్టుతుంది. వాన పడగానే అదే పూత గాజులా అయిపోతుంది. దానికితోడు కారిన ఆయిలు, దుమ్ము. అందుకని వానలో బాగా నడిపేవాళ్ళు ఆ లైను వదిలేస్తారు. ఎండలో ఎవరూ తొక్కని గరుకు తారు కోసం మలుపు బయటి అంచు వెంట పోతారు. అంచుల్లో ఎరుపూ తెలుపూ రంగు వేసిన కెర్బులని, తెల్లగీతల్ని తాకరు. తడి పెయింటు మీద చక్రం పడితే పట్టు అక్కడితో పోయినట్టే.

ఇదంతా చదివి తెలుసుకున్నా, కాళ్ళకీ చేతులకీ తెలియాలి కదా. రాయగడలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానకి లోటు లేదు. లేనిది ట్రాక్. రోడ్డు మీద ప్రయత్నించే ఆలోచన ఒక్కరోజు కూడా రానివ్వలేదు. నాన్న షాపుకి నుజ్జయిన రిమ్ములు వస్తుంటాయి. అవి ఏ బళ్ళవో, ఎక్కడ పడ్డాయో, లోపల ఎవరున్నారో మాకు తెలిసిపోతుంది.

గుణుపురం రోడ్డులో నా క్లాసుమేటు వాళ్ళ మిల్లుంది. వాళ్ళు ఒడియావాళ్ళు, మా రెండిళ్ళకీ రాకపోకలున్నాయి. మిల్లు వెనక వడ్లు ఆరబెట్టే సిమెంటు గచ్చు. నా అడుగులతో కొలిచాను, పొడవు 250 అడుగులు, వెడల్పు వంద. వానాకాలం దాని మీద గింజ ఉండదు. "గోడని గుద్దకపోతే చాలు, నీ ఇష్టం" అన్నారు వాళ్ళ నాన్నగారు. మా మావయ్య ముప్పై ఏళ్ళు లారీ నడిపారు, రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ ఘాటీ ఎన్నిసార్లు ఎక్కి దిగారో లెక్కలేదు. ఆయన విజిల్ పట్టుకుని గట్టు మీద నిలబడేవారు. షాపులో పాత టైర్లు తెచ్చి మలుపులు పెట్టాం.

బండి ఏదన్నది పెద్ద చర్చ అయ్యింది. ఇంట్లో ఉన్న ఆల్టోలో ఇంజను తిప్పేది ముందు చక్రాలని, రేసు బండిలో వెనకవాటిని. ముందు చక్రాల బండి జారితే మలుపు తిరగకుండా నేరుగా పోతుంది, వెనక చక్రాల బండికి వెనక భాగం పక్కకి వెళ్ళిపోతుంది. నేను నేర్చుకోవలసింది రెండోది. మావయ్య దగ్గర పాత మహీంద్రా జీపు ఉంది. దానికి వెనక నాన్న రెండు గుండు టైర్లు వేశారు. గాడి అన్నది లేనివి, కాన్వాసు కనిపించేంత అరిగినవి కావు గానీ చెయ్యి పెడితే నున్నగా ఉండేవి. అవి ఉంటే 25 కిలోమీటర్ల వేగంలోనే జీపు జారుతుంది. అంటే 100లో నేర్చుకోవలసింది 25లో నేర్చుకోవచ్చు. పక్కన ఎవరినీ కూర్చోబెట్టకూడదు, బెల్టు పెట్టుకోవాలి, 30 దాటకూడదు. ఇవి నాన్న పెట్టిన షరతులు.

ఇంకో షరతు కూడా. "ఈ టైర్లతో గేటు దాటకూడదురా. గేటులోపల మారుస్తాను, గేటులోపలే తీస్తాను." అలాగే చేశారు. ప్రతి ఆదివారం మిల్లు గేటు దగ్గర జాకీ ఎత్తి వెనక రెండు మంచి టైర్లు తీసి గుండువి వేసేవారు, రెండు గంటల తర్వాత మళ్ళీ అవి తీసి ఇవి వేసేవారు. వాన కురుస్తూనే ఉండేది. గోనెపట్టా నెత్తిన వేసుకుని బోల్టులు బిగిస్తూ కూర్చునే మా నాన్న వెన్ను నాకిప్పటికీ కళ్ళముందు ఉంది. ఎన్ని ఆదివారాలో చెప్తాను: పద్నాలుగు.

మొదటి ఆదివారమే కోచ్ చెప్పిన మొదటి మాట కాళ్ళకి తెలిసింది. గచ్చు మధ్యభాగం నలభై ఏళ్ళుగా చెక్కపలకలతో వడ్లు దువ్వి దువ్వి, కూలీల పాదాలు పడి పడి నున్నగా అద్దంలా ఉంటుంది. అంచుల్లో వడ్లు పోయరు, అక్కడ సిమెంటు గరుకుగా, ఇసుక తేలి ఉంటుంది. మధ్యలోంచి మలుపు తిప్పితే జీపు జారింది. అంచు వెంట పోయి, ఆలస్యంగా తిప్పితే నిలబడింది. దూరం ఎక్కువైనా టైము తగ్గింది. మావయ్య ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూశారు, అయిదు టైర్ల చుట్టు ఒక రౌండుకి దాదాపు రెండు సెకన్లు తేడా. ఎండలో ట్రాక్ మీద రబ్బరు పూత ఏమిటో, వానలో అది ఏం చేస్తుందో వడ్లగచ్చు నాకు చూపించింది.

గచ్చు చూపించిన ఇంకో సంగతి, వాన మొదలైన పది నిమిషాలూ అన్నిటికంటే ప్రమాదం. గచ్చు మీద సన్నటి తవుడు దుమ్ము ఉంటుంది. చినుకులు పడగానే అది పిండిముద్దలా అయ్యి, జీపు ఆపాలన్నా ఆగేది కాదు. అరగంట గట్టి వాన కురిశాక దుమ్మంతా కొట్టుకుపోయి పట్టు వచ్చేది. మావయ్యకి ఇది కొత్త కాదు. "ఘాటీలో మొదటి చినుక్కే భయపడాలి. కుండపోతకి కాదు. కుండపోత కళ్ళకి కనబడతాది, నువ్వే నెమ్మదిస్తావు" అన్నారు. రోడ్డు మీదైనా, ట్రాక్ మీదైనా ఇది ఒకటే. ఆయిలు, దుమ్ము తేలే సమయం అది.

అయితే మావయ్యా నేనూ గట్టిగా వాదించుకున్న విషయం ఒకటుంది. ఘాటీ దిగేటప్పుడు ఆయన నమ్మేది గేరునే. బ్రేకు మీద ఆధారపడకుండా చిన్న గేరులో పెట్టి ఇంజను బలంతో దింపడం. "వానలో గేరు దింపు, బండి నీ మాట వింటాది" అనేవారు. నేను ట్రాక్ మీద చేసిందీ అదే, తిరిగిపోయిందీ అక్కడే. కోచ్ చెప్పిన రెండో మాట ఇదే. కాబట్టి పరీక్ష పెట్టాం. మూడో గేరులో 25 మీద వస్తూ రెండో గేరు వేసి క్లచ్ ఠక్కున వదిలాను. ఇంజను నెమ్మదిగా తిరుగుతోంది, చక్రాలు వేగంగా తిరుగుతున్నాయి. క్లచ్ కలవగానే ఇంజను ఆ చక్రాలని లాగిపట్టింది. వెనక చక్రాలకి బ్రేకు వేసినట్టే అయ్యింది. ముందు చక్రాలకి ఏమీ లేదు. జీపు తోక గిర్రున తిరిగి, నేను మిల్లు గోడ వైపు చూస్తూ ఆగాను.

మావయ్య విజిల్ నోట్లోంచి తీసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "లోడు లారీకి అలాగవదురా. వెనక బరువుంటాది కదా. కానీ ఖాళీ లారీకి... అవును. ఖాళీగా తిరిగొస్తున్నప్పుడు ఓసారి నాకూ ఎనకది ఎగిరిపోయింది. అప్పుడు రోడ్డుదే తప్పనుకున్నాను." ముప్పై ఏళ్ళ డ్రైవరు ఆ మాట ఒప్పుకోడానికి ఎంత పెద్ద మనసు కావాలో నాకు తెలుసు.

దీనికి మందు పాతదే, కానీ కాలికి ఎక్కించాలంటే వారాలు పడుతుంది. బ్రేకు మీద కుడికాలి ముందుభాగం ఉంచి, మడమని పక్కకి తిప్పి యాక్సిలరేటరుని ఒక్క తాకు తాకాలి. ఇంజను వేగం పైకి లేస్తుంది. అప్పుడు క్లచ్ వదిలితే ఇంజనూ చక్రాలూ ఒకే వేగంలో కలుస్తాయి, కుదుపు ఉండదు. ఎండలో ఇది సరిగ్గా చెయ్యకపోయినా బండి క్షమిస్తుంది. వానలో క్షమించదు. జీపు పెడళ్ళు దూరంగా ఉంటాయి. మావయ్య ఒక చెక్కముక్క కోసి యాక్సిలరేటరుకి కట్టారు. ఆరో ఆదివారానికి పది దింపుల్లో తొమ్మిది కుదుపు లేకుండా పడ్డాయి. మిల్లు కాపలాదారుకి తెలుగు రాదు, నేను జారిన ప్రతిసారీ గొడుగు కింద నుంచి "ధీరే ధీరే బాబూ" అని అరిచేవాడు. ఆయనది కూడా కోచింగే అనుకున్నాను, ఎందుకంటే విన్నప్పుడల్లా నా కాలు నిజంగానే తేలికయ్యేది.

వానలో డ్రైవరు చేసే పనంతా ఆ తేలికలోనే ఉంది. టైరుకి ఉన్న పట్టు కొంతే. దాన్ని ఆపడానికీ తిరగడానికీ పరుగెత్తడానికీ పంచుకోవాలి. వానలో ఆ కొంత కూడా బాగా పడిపోతుంది. బ్రేకు వేస్తూ తిప్పితే రెండిటికీ చాలదు. కాబట్టి నేరుగా ఉన్నప్పుడే బ్రేకు పని ముగించాలి, తర్వాత తిప్పాలి, బండి మళ్ళీ నేరుగా అయ్యాకే యాక్సిలరేటరు తొక్కాలి. తొక్కడమూ ఎలాగంటే, పాలు పొంగొచ్చేటప్పుడు అమ్మ స్టవ్ నాబు తిప్పినట్టు. ఠక్కున ఆర్పదు, ఠక్కున పెంచదు. ఇంకో కిటుకు: రెండో గేరులో తీసే మలుపుని మూడో గేరులో తియ్యడం. చక్రానికి అందే బలం తగ్గుతుంది, తిరిగిపోయే అవకాశమూ తగ్గుతుంది.

జారాక ఏం చెయ్యాలన్నది అందరికీ తెలుసు, జారిన వైపుకే స్టీరింగు తిప్పాలని. పుస్తకాలు సరిగ్గా చెప్పనిది దాని తర్వాత వచ్చేది. తోక ఎడమకి వెళ్ళింది, ఎడమకి తిప్పావు, టైరు మళ్ళీ పట్టింది. పట్టిన ఆ క్షణంలో స్టీరింగు ఇంకా ఎడమకే ఉంటే బండి రెండోవైపుకి ఇంకా గట్టిగా కొడుతుంది. నన్ను గోడ వైపు తిప్పినవన్నీ ఈ రెండో దెబ్బలే, మొదటివి కావు. తిప్పినంత వేగంగా వెనక్కి తెచ్చుకోవాలి. చూపు వెళ్ళవలసిన చోటే ఉండాలి. గోడ వైపు చూస్తే చేతులు గోడ వైపే తిప్పుతాయి, ఇది నాకు పద్నాలుగు ఆదివారాల్లో ఒక్కసారి కూడా తప్పలేదు.

మధ్యలో, షాపులో ఖాళీ దొరికినప్పుడల్లా నాన్నా నేనూ పాత రేసులు చూసేవాళ్ళం. నాన్నకి డ్రైవర్ల పేర్లు పట్టవు. టైర్లే చూస్తారు. ఫార్ములా వన్‌లో పూర్తి వాన టైరుకి నీలం గీత, తక్కువ తడికి వాడేదానికి ఆకుపచ్చ గీత ఉంటాయని చెప్పాను. 300 కిలోమీటర్ల వేగంలో నీలంగీత టైరు ఒక్కొక్కటి సెకనుకి 85 లీటర్ల నీళ్ళు పక్కకి తోసేస్తుందని, ఆకుపచ్చది 30 లీటర్లని టైర్లు ఇచ్చే పైరెల్లీ కంపెనీ చెప్పే లెక్క. నాన్న పంక్చరు చూసే నీళ్ళతొట్టి వైపు చూసి, "అంటే ఇది సెకనులో ఖాళీ" అన్నారు. తర్వాత అసలు ప్రశ్న అడిగారు: "వానలో గాలి ఎంత పెడతారు?"

దాని మీద రెండురోజులు మాట్లాడుకున్నాం. వానలో గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని బాగా పట్టుతుందని చాలామంది షాపుకొచ్చి అడుగుతారు. అది బురదకి సరే. నీళ్ళు నిలిచిన తారుకి కాదు. గాలి తగ్గితే టైరు మధ్యభాగం లోపలికి ముడుచుకుంటుంది, గాళ్ళు మూసుకుపోతాయి, నీళ్ళకి బయటికి పోయే దారి ఉండదు. టైరు నీటి మీద తేలడం తొందరగా మొదలవుతుంది. పైగా వానలో రేసు టైరు ఎండలో వేడెక్కినంత వేడెక్కదు, లోపలి గాలి వ్యాకోచించదు. కాబట్టి బయల్దేరేటప్పుడే కాస్త ఎక్కువ పెట్టుకుంటారు. నాన్న తలూపి, కౌంటరు మీద గాడిలోతు కొలిచే చిన్న గేజి తీసి చూపించారు. మన చట్టం ప్రకారం కారు టైరుకి కనీసం 1.6 మిల్లీమీటర్ల గాడి ఉండాలి. "అది చలానా తప్పించుకోడానికి సరిపోతాది. వానకి సరిపోదు. మూడు దగ్గరే మార్చమంటాను. ఎవరూ వినరు." ఈ ఒక్క ముక్క చదివేవాళ్ళు వింటే నాకు సంతోషం.

ఇంగ్లండులోని డోనింగ్టన్‌లో 1993 ఏప్రిల్‌లో జరిగిన ఫార్ములా వన్ రేసు మొదటి ల్యాపు మా షాపులో ఎన్నిసార్లు తిరిగిందో. బ్రెజిల్ డ్రైవరు సెన్నా మొదటి మలుపులో అయిదో స్థానానికి పడిపోతాడు. ల్యాపు అయ్యేసరికి మొదటి స్థానంలో ఉంటాడు. షూమాకర్, వెండ్లింగర్, హిల్, ప్రాస్ట్, నలుగురినీ ఒక్క చుట్టులో దాటాడు. వెండ్లింగర్‌ని దాటిన చోట నాన్న ఫోను ఆపారు. దిగుడులో, బయటి వైపు నుంచి. "వాడు గరుకు మీద పోతున్నాడు" అన్నారు. అంతకు మించి ఏ వ్యాఖ్యాతా చెప్పలేదు నాకు. సెన్నా చిన్నప్పుడు కార్టింగులో వాన రేసు ఒకటి ఓడిపోయి, ఆ తర్వాత వాన పడితే చాలు కార్టు తీసుకుని బయటికెళ్ళేవాడట. ఆ మాట కోచ్ కూడా చెప్పారు. నేను గోడ దగ్గర తడుస్తూ నిలబడ్డ గంటలో నాకు ధైర్యమిచ్చింది అదే.

అక్టోబరు చివర మళ్ళీ బొకారో ఎక్కాను. ఈసారి రేసింగ్ లైసెన్సు ఉంది, కొత్తవాళ్ళ రేసులో పేరుంది. బయల్దేరే ముందు మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళాం. మా ఊళ్ళో కొత్త చక్రం తిరగాలంటే ముందు అక్కడికే. శుక్ర, శనివారాలు ఎండలో ప్రాక్టీసు, ఆ తర్వాత స్టార్టులో ఎవరెక్కడ నిలబడాలో తేల్చే క్వాలిఫయింగు. పదహారుమందిలో నాది పదకొండో స్థానం. ఆదివారం పొద్దున్న నాలుగింటికి ఉరుములు. నాకు నిజంగా ఆనందం వేసింది.

మెకానిక్కు బండి మార్చడం దగ్గరుండి చూశాను. ముందూ వెనకా యాంటీరోల్ బార్లు, అంటే మలుపులో బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీలు, మెత్తన చేశాడు. బండి పక్కకి ఒరిగితే టైరుకి బరువు మెల్లగా ఎక్కుతుంది, డ్రైవరుకి ముందే తెలుస్తుంది. బ్రేకు బలాన్ని కొంచెం వెనక్కి జరిపాడు. వానలో గట్టిగా ఆపలేం కాబట్టి ముందుకి బరువు తక్కువే వస్తుంది, ఎండలో పెట్టిన లెక్కే ఉంచితే ముందు చక్రాలు బిగిసిపోతాయి. మా బళ్ళకి నున్నటి స్లిక్కులు లేవు, ఎండకీ వానకీ ఒకటే గాళ్ళ టైరు. గాలి ఒక పౌండున్నర పెంచాడు. నాన్నకి మెసేజి పెట్టాను. "కరెక్టు" అని ఒక్క మాట వచ్చింది.

స్టార్టు తర్వాత కనిపించింది తెల్లటి పొగ లాంటి నీళ్ళు, అంతే. ముందు బళ్ళు లేపే తుంపరలో రోడ్డు లేదు, మలుపు లేదు. వెనక ఎర్రదీపం మిణుకుమంటే అక్కడ బండి ఉందని తెలుస్తుంది. దూరం చెప్పే బోర్డులు కనబడవు. ముందురోజు సాయంత్రం ట్రాక్ నడుచుకుంటూ వెళ్ళి, మలుపు మలుపుకీ పక్కన ఉన్న గుర్తులు పెట్టుకున్నాను. జెండాలు ఊపేవాళ్ళు నిలబడే మార్షల్ పోస్టు, కంచెలో అతుకు, తారు రంగు మారిన చోటు. అవి పక్క నుంచి కనబడతాయి. ముందు బండికి సరిగ్గా వెనక ఉండకుండా సగం బండి పక్కకి జరిగి వెళ్ళాను. చెవులు కూడా పనిచేశాయి. ముందతను యాక్సిలరేటరు వదిలితే ఇంజను శబ్దం దిగుతుంది, అక్కడ బ్రేకు వేస్తున్నాడని అర్థం.

హెల్మెట్ అద్దానికి ఊపిరి పట్టకుండా లోపల రెండో పొర బిగించుకున్నాను. అయినా రెండో ల్యాపులో అంచులు మసకబారాయి. ఊపిరి ముక్కుతో కిందికి వదులుతూ నడిపాను.

మూడో ల్యాపులో, పొడుగు రోడ్డు మీద, ఎవరో స్టీరింగుని నా చేతుల్లోంచి తీసేసుకున్నట్టు తేలికైపోయింది. ఇంజను శబ్దం ఒక్కసారి పైకి లేచింది. బండి నీళ్ళ మీద తేలుతోంది. రోడ్డుతో సంబంధం లేదు. ఆ క్షణంలో చెయ్యవలసింది దాదాపు ఏమీ లేదు, అదే కష్టం. బ్రేకు వెయ్యకూడదు. తిప్పకూడదు, ఎందుకంటే తిప్పి ఉంచితే టైరు రోడ్డుని మళ్ళీ తాకినప్పుడు బండి అటే దూకుతుంది. కాలు మెల్లగా ఎత్తాను. చేతులు కదపలేదు. అర సెకనో, ఇంకా తక్కువో. చేతుల్లోకి బరువు తిరిగొచ్చింది. తర్వాతి ల్యాపు నుంచి ఆ గుంటని మూడడుగులు తప్పించి వెళ్ళాను.

అయిదో ల్యాపు నుంచి మలుపుల్లో బళ్ళు దగ్గరపడటం మొదలైంది. చాలామంది ఎండలో నేర్చుకున్న లైను వదల్లేకపోయారు. లోపలి అంచు వైపు పోయి, అక్కడి రబ్బరు మీద ముందు చక్రాలు జారి, యాక్సిలరేటరు వెయ్యడానికి ఆగిపోయేవారు. నేను బయట గరుకు మీద ఉండి, ఆలస్యంగా తిప్పి, నేరుగా ముందే తొక్కేవాణ్ణి. మిల్లు గచ్చు అంచే అది. ముగ్గుర్ని అలా దాటాను. ఇద్దరు వాళ్ళంతట వాళ్ళే తిరిగి గడ్డిలోకి పోయారు. వాళ్ళలో ఒకరి దగ్గర, ముందు ప్రమాదం ఉందని చెప్పే పసుపు జెండాలు ఊపుతుంటే పూర్తిగా నెమ్మదించాను, వెనకవాడు అందుకుంటాడని తెలిసినా. వానలో ఒకడు జారిన నీళ్ళగుంటలోనే ఇంకొకడు జారతాడు. 2014 అక్టోబరులో జపాన్‌లోని సుజుకాలో, ఫార్ములా వన్ రేసులో జరిగింది అదే. సూటిల్ అనే డ్రైవరు జారి ఆగిన చోటే తర్వాతి ల్యాపులో జూల్స్ బియాంకి బండి కూడా జారి, సూటిల్ కారుని ఎత్తుతున్న ట్రాక్టరుని గుద్దింది. 25 ఏళ్ళ కుర్రాడు. తొమ్మిది నెలలు కోమాలో ఉండి పోయాడు. కోచ్ ఆ సంగతి చెప్పినప్పుడు క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. జెండా కనబడితే నా కాలు దానంతటదే లేస్తుంది.

చివరి మూడు ల్యాపుల్లో వాన ఆగింది. బళ్ళు తిరిగిన చోట సన్నటి పొడి గీత ఏర్పడింది. ఇప్పుడు మళ్ళీ అంతా తలకిందులు. ఎండిన చోటే పట్టు, అక్కడి నుంచి ఒక చక్రం పక్కకి పోతే జారుడు. దాటాలంటే తడిలోకి దిగాలి. ఫార్ములా వన్‌లో అయితే మెత్తటి వాన టైర్లు ఎండిన తారు మీద వేడెక్కి చితికిపోతాయి, అందుకే డ్రైవర్లు పొడుగు రోడ్డు మీద కావాలని నీళ్ళున్న వైపు పోయి టైర్లని చల్లబరుస్తారు. మాకు ఆ అవసరం లేదు గానీ నేర్చుకున్న లైనుని పది నిమిషాల్లో మళ్ళీ వదిలెయ్యాల్సి రావడం చాలా కష్టమనిపించింది. ఏడో మలుపులో ఒక చక్రం తడిలో పడింది. తోక కదిలింది. పట్టుకున్నాను, రెండో దెబ్బ రాకముందే వెనక్కి తెచ్చుకున్నాను. ఆ జారుడులో ఒకరు దాటిపోయారు. ఏడో స్థానంలో ముగించాను. ఒక్కసారి కూడా తిరగలేదు. కోచ్ బళ్ళు ఆగే పిట్ గోడ దగ్గర నిలబడి ఉన్నారు, నేను కిందటేడు నిలబడ్డ చోటే. భుజం మీద చెయ్యి వేసి, "ఎక్కడ ప్రాక్టీసు చేశావు?" అని అడిగారు. రైసు మిల్లులో అంటే ఆయనకి నమ్మకం కలగడానికి జీపు ఫోటో చూపించాల్సి వచ్చింది.

మంగళవారం తెల్లవారుజామున రాయగడ స్టేషన్లో దిగాను. నాన్న షాపు తెరిచే ఉంది, ఏదో లారీ వచ్చింది. అమ్మ ఏడో స్థానమంటే బహుమతి ఉంటుందా అని అడిగింది. నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి, "టైరు ఫోటో తీసినావా?" అన్నారు. తీశాను. నాలుగూ తీశాను, ఆయన అడుగుతారని తెలుసు. ఫోను తీసుకుని, రెండు వేళ్ళతో ఎడమ ముందు టైరు పెద్దది చేసి, వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూశారు.

"బయటి భుజం అరిగింది. కుడి మలుపులెక్కువేటి అక్కడ?"

"అవును నాన్నా."

"గాలి ఇంకో అర పౌండు పెట్టుండాల్సింది" అని ఫోను నా చేతికిచ్చి, లారీ దగ్గరికి వెళ్ళిపోయారు.